వచ్చిన పని

గోవిందరాజస్వామి గుడి వెనక సందులో
మా లాడ్జీ రిజిస్టరుకి ఆరు గళ్లు.
ఆఖరిది, వచ్చిన పని.
పదిహేడేళ్లుగా అందులో నేను చూస్తున్నది ఒకటే మాట:
దర్శనం.
పై వరసలో ఒకరు రాస్తారు,
తక్కినవాళ్లంతా దాని కింద రెండు చిన్న గీతలు గీసి
తాళంచెవి అందుకుంటారు.
వేడినీళ్లు నాలుగింటికి వస్తాయని చెబుతాను.

ఆయనది ఘాట్ రోడ్డు బస్సు.
కొందరికి నిద్రలో మాటలొస్తాయి, ఈయనకి వంపులొస్తాయి.
దుప్పటి అంచు పట్టుకుని కుడికి తిప్పుతాడు,
ఆగి, ఎడమకి.
నేను గోడవైపు జరిగి దారిస్తాను.

ఇరవై రెండేళ్లు.
పెళ్లి మే నెలలో చేశారు మా పెద్దలు,
దేశమంతా వచ్చి మా ఊళ్లో క్యూ కట్టే నెలలో.
ఏ పెళ్లిరోజుకీ ఆయనకి లీవు దొరకలేదు,
నాకు రూముల్లేవని చెప్పడానికే నోరు చాలలేదు.
అందుకని ఈసారి పెళ్లిరోజునే జరిపాం,
ఆషాఢానికి.
కొత్త జంటల్ని విడదీసే నెల, పాత జంటనేం చేస్తుంది?
"సముద్రం కాడికి పోదాం మే" అన్నాడు,
దోసె మీద ఎర్రకారం పూసుకుంటా.
"యాడైనా సరే, రోడ్డు తిన్నగా ఉండాల."

విశాఖపట్నం. కరెంటు బిల్లు వెనకాల రాసుకున్నాం.
రాత్రి రైలు. రెండూ కింది బెర్తులే.
(ఎక్కడాలూ దిగడాలూ డ్యూటీలోనే చాలంట.)
ఆడబిడ్డ కొడుకు ఫోన్లో ఒక పట్టీ పంపాడు,
రెండు రోజులకి పదకొండు చోట్లు,
మొదటిది సింహాచలం.
ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మొత్తం చదివి
"చానా కష్టపడినాడు పిల్లోడు" అని
ఫోను బోర్లించేశాడు.
"ఆడ గూడా కొండలుండాయంట గదా?"
ఉన్నాయంట.
"అయితే వాటికి వీపు పెట్టి కూసుంటా."

తిరుపతి వాళ్లమని ఎవరికీ చెప్పొద్దనుకున్నాం.
చెబితే ఒకరు అక్కడికక్కడే కళ్లు మూసి దండం పెడతారు,
ఇంకొకరు బ్రేకు దర్శనానికి
తెలిసినవాళ్లున్నారా అంటారు.
అయినా బిల్లు వెనక, పళ్లపొడికీ తువ్వాళ్లకీ మధ్య
లడ్డూలు నాలుగు అని రాసి ఉంది.
రాత ఆయనది.

నిన్న మధ్యాహ్నం కౌంటరు ఖాళీగా ఉంటే
అక్కడి హోటలుకి ఫోన్ చేశాను.
చిన్నపిల్ల గొంతు. ఆ పక్క యాస,
ప్రతి మాట చివరా గాలి తగిలినట్టు కాస్త లేస్తుంది.
ఎంతమందండీ? ఎన్ని రోజులండీ?
ఆధార్ కార్డు మర్చిపోకండి.
నా ప్రశ్నలే నా చెవికొస్తుంటే
తాళాల బోర్డు చూస్తా బుద్ధిగా జవాబులు చెప్పాను.
సముద్రం కనపడే గదికి ఆరొందలు ఎక్కువ.
కనపడనీ అన్నాను.
రోజంతా బేరాలు వినేదాన్ని, బేరమాడలేదు.
అప్పుడడిగింది,
వచ్చే పనేంటండీ?

పెళ్లిరోజంటే కేకు తెస్తారేమో, బెలూన్లు కడతారేమో.
దర్శనం అని నోటిదాకా వచ్చింది.
అప్పుడే డ్యూటీ దిగొచ్చి
కాకీ చొక్కా పైగుండీ విప్పుకుంటా
కౌంటరు మీద మోచేతులానించాడు ఆయన.
ఫోనుకి అరచెయ్యి అడ్డం పెట్టి అడిగాను,
ఏమని చెప్పేది?
హారన్ కొట్టి ఎదరబండి కోసం ఆగినట్టు
కాసేపు ఆగాడు.
"ఊరికే అని చెప్పు."

ఊరికే, అన్నాను.
అటువైపు కీబోర్డు చప్పుడు నిలిచిపోయింది.
"ఊరికేనాండీ?"
ఊరికేనమ్మా.
రాసుకుందో లేదో తెలియదు,
అడగడానికి లేకుండా సేలం నుంచి పద్నాలుగు మంది దిగారు,
ముసలామె ఒకామె, చంకలో నిద్రపోయే బిడ్డ ఒకటి.
రిజిస్టరు వాళ్లవైపు తిప్పాను.
వేడినీళ్లు నాలుగింటికి, అన్నాను.

లిఫ్టు పొద్దున్నుంచి పనిచెయ్యడం లేదు.
ఎవరూ అడక్కుండానే
ముసలామె సంచి భుజానేసుకుని ఆయన మెట్లెక్కాడు.
మొదటి మలుపులో
ఒళ్లంతా కొద్దిగా కుడికి ఒరిగింది.